గోడ మీది మామా

నేను పనిచేసే అరబ్బుల ఇంటి యజమానురాలిని మామా అని పిలిచేవాళ్ళం. మామా వాళ్ళు ఎండాకాలం లండన్ వెళ్ళి అక్కడే చిక్కుకుపోయారు. జాబ్రియా పేటలో అంత పెద్ద ఇంటికి నేనూ, మా కడప డ్రైవరన్నా మిగిలాం. ఇరాక్ సైన్యం వచ్చిపడ్డాక అతనూ జోర్డాన్ దారి పట్టాడు. నా పాస్‌పోర్టు నాకు వీసా ఇచ్చిన కఫీల్, అదే మామా మొగుడి బీరువాలో తాళమేసి ఉంది, నేనెక్కడికి పోను?

"ఒంటి ఆడదానివని బయట తెలిస్తే ఇంగ అంతే సంగతులు. మామా ఇంట్లో ఉన్నెట్టే గట్టిగా పిలుస్తాండుమ్మా" అని చెప్పి పోయాడు.

ఖాళీ గదుల్లో ఎవర్ని పిలవను? నోరు రాలేదు. హాల్లో గోడకొక బొమ్మ ఉండేది. ఇరాన్‌ను ఏలిన సఫావీ రాజుల చివరి రోజుల్లో ఇస్ఫహాన్‌లో గీసిందని మామా చెప్పేది. జానెడు కాగితం. బంగారు పూత మీద ఒకే మనిషి, చేతిలో చిన్న గిన్నె. నున్నటి బుగ్గలు, చెవుల పక్కన ఉంగరాల జుట్టు, ఏ వెంట్రుకకు ఆ వెంట్రుక విడిగా కనిపించేది. ఇక ఈమే నా మామా అనుకున్నాను. పొద్దున్నే కిటికీ తీసి "మామా, చాయ్" అని అరిచేదాన్ని.

పోనుపోను ఆమెతో మెల్లగా కూడా మాట్లాడసాగాను. ఎటు కూర్చున్నా ఆ కళ్ళు నన్ను దాటి పక్కకే చూసేవి. ఒళ్ళు మండేది. "ఏం మామా, ఒక తూరి ఇట్ల తిరిగితే నీ సొమ్మేం పోతాది? మెడ పట్టుకునిందా?" అని తగులుకునేదాన్ని. మనిషి గొంతు విని ఎన్నాళ్ళయిందో అనిపించి ఏడుపొచ్చేది.

ఒక మధ్యాహ్నం సైనికులు ఇల్లిల్లూ దూరుతూ మా వీధికి వచ్చారు. నెరిసిన మీసాలవాడొకడు ముందుగా మా ఇంట్లోకి వచ్చి, ఎవరున్నారని అడిగాడు. మామా ఉందన్నాను. ఎక్కడన్నాడు. భయానికి నా చెయ్యి దానంతటదే గోడకేసి చూపించింది.

వాడు బొమ్మ దగ్గరికి వెళ్ళి చూశాడు.

"ఇది ఆడది కాదు. మీసాలు రాని మగవాడు, ఇరానీ" అన్నాడు. "ఒక్కదానివేనా?"

నా పని అయిపోయిందనుకుని తలొంచుకున్నాను. వాడు బొమ్మను తీసి చొక్కాలో దోపుకున్నాడు. గేటు దగ్గరికి వెళ్ళి, "లోపల ముసలావిడ ఉంది, జబ్బుమనిషి. యల్లా, పదండి" అని మిగతావాళ్ళకు చెప్పాడు. బూట్ల చప్పుడు పక్కింటికి మళ్ళింది.

నా తోడును ఎత్తుకుపోయినందుకు వాణ్ణి నోటికొచ్చినట్టు తిట్టాను. కాపాడినందుకు దణ్ణమూ పెట్టుకున్నాను. సాయంత్రం కిటికీ తీస్తే వీధిలో ఇంకా వాళ్ళే తిరుగుతున్నారు. జబ్బుమనిషి కదా అని, ఉత్త గోడ ముందు నిలబడి, వాళ్ళకు వినబడేలా "మామా, దవా వేసుకో" అని పిలిచాను.