బూట్లకు కుట్టిన గౌను

మొన్నామధ్య మనవరాలి కళ్ళ పరీక్షకని బెంగళూరులో ఒక పెద్ద ఆసుపత్రికి వెళ్తే, లోపలి గది గుమ్మం దగ్గర నర్సమ్మ నీలిరంగు ప్లాస్టిక్ తొడుగులు చేతికిచ్చి, చెప్పులు విప్పక్కర్లేదు, వాటి మీదే వేసుకోమంది. పనయ్యాక అందరూ వాటిని చెత్తబుట్టలో పడేస్తుంటే నాకు మాత్రం చేతులు రాలేదు. మడిచి సంచిలో పెట్టుకుంటుంటే మనవరాలు నవ్వింది. అలాంటి తొడుగులు మా ఇంట్లో గుడ్డముక్కలతో కుట్టేవారని ఆ పిల్లకెలా తెలుస్తుంది?

డెబ్బైల్లో మేం మదనపల్లెలో ఉండేవాళ్ళం. నాన్నగారి చెల్లెలు, మా మేనత్త, ఇంట్లోనే కుట్టుమిషను పెట్టుకుని ఆడపిల్లల గౌన్లు, జాకెట్లు కుట్టేది. క్రిస్మస్ దగ్గరపడుతోందంటే మిషను కింద రంగురంగుల ముక్కలు గుట్టపడేవి, ఆ గుట్టలో కూర్చుని బొమ్మలకు బట్టలు కట్టడం నాకూ మా చెల్లెలికీ పెద్ద ఆట. చెల్లెలికి పసితనంలోనే పోలియో వచ్చి ఒక కాలు చచ్చుపడింది. ఇనప కమ్మీలు బిగించిన బరువైన బూటు ఉంటేనే అది నిలబడగలిగేది.

మన వైపు చర్చిలోకి చెప్పులతో వెళ్ళే అలవాటు లేదు కదా, అందరూ మెట్ల దగ్గరే విడిచేవాళ్ళం. చంటిపిల్లగా ఉన్నంతకాలం నాన్న దాన్ని ఎత్తుకుని తీసుకెళ్ళేవారు గానీ, బడికి వెళ్ళే వయసొచ్చాక చిక్కొచ్చి పడింది. బూట్లు విప్పితే నడవలేదు, ఎత్తుకుంటే సిగ్గు, బూట్లతో రావడానికి మనసొప్పదు. పాస్టరుగారు స్వయంగా వచ్చి ఫరవాలేదమ్మా అన్నా వినలేదు. ప్రతి ఆదివారం మెట్ల మీద చెప్పుల మధ్య కూర్చుని, లోపల మేం పాడే పాటలకు బయటినుంచే గొంతు కలిపేది. ఆ ఏడు క్రిస్మస్‌కు పిల్లలందరూ ముందు వరుసలో నిలబడి పాడాలన్నారు. పాట మా అందరికంటే బాగా వచ్చింది దానికే. అయినా రానని భీష్మించుకుంది.

“ఆడ అందరూ ఉత్త కాళ్ళతో ఉంటే నేనొక్కదాన్నే బూట్లేసుకోని ఎట్ల వచ్చేది?” అని ఏడ్చింది.

అత్త మిషను ఆపి, దాన్ని దగ్గరికి తీసుకుంది. “ఊరుకో అమ్మా. నీకు కుట్టినట్టే నీ బూట్లకీ ఒక గౌను కుడతా, సూస్తా ఉండు” అంది.

చెల్లెలి గౌను కుట్టగా మిగిలిన గులాబీరంగు శాటిన్ ముక్కలతోనే బూట్ల మీద తొడుక్కునే సంచుల్లాంటివి కుట్టి, పైన చిన్న కుచ్చు పువ్వు, మడమ దగ్గర నాడా పెట్టింది. తీరా తొడిగి నిలబెడితే మా నున్నటి గచ్చు మీద బూట్లు సర్రున జారాయి, నేను పట్టుకోబట్టి సరిపోయింది. అత్త అంతా విప్పదీసి, పాత కంబళి ముక్క ఒకటి కత్తిరించి అడుగున వేసి కుట్టింది. గరుకు గరుకుగా ఉండే ఆ కంబళి నేలను గట్టిగా పట్టుకుంది.

క్రిస్మస్ నాడు మెట్ల మీద అత్త ఆ తొడుగులు వేస్తుంటే, మా వయసు పిల్లలంతా గుమిగూడి కళ్ళప్పగించి చూశారు. చెల్లెలు తనంతట తానే నడిచి వచ్చి నా పక్కన నిలబడి పాడింది. అంత సంతోషం నాకు ఆ తర్వాత చాలా కొద్దిసార్లే కలిగింది. తమాషా ఏమిటంటే, ఆ మరుసటి ఆదివారానికల్లా కాళ్ళు బాగున్న పిల్లలు కూడా పువ్వుల తొడుగులు కావాలని వాళ్ళమ్మలను సతాయించడం మొదలుపెట్టారు.

ఎనభైల్లో నేను పెళ్ళయి పుంగనూరు వచ్చేశాను, చెల్లెలు కుప్పంలో టీచరుగా చేరింది. అత్త కుట్టే ప్రతి కొత్త జాకెట్టుతోపాటు అదే రంగు తొడుగుల జత కూడా దానికి చేరేది. అత్త పోయాక చెల్లెలే సూదీ దారం పట్టుకుని కుట్టుకోవడం నేర్చుకుంది.

పోయిన క్రిస్మస్‌కు కుప్పం వెళ్ళాను. ఇప్పుడు చర్చిలో అందరూ చెప్పులతోనే లోపలికి వెళ్తున్నారు, నేనూ వాళ్ళ వెంటే గుమ్మం దాకా వెళ్ళిపోయాను. వెనక్కి తిరిగి చూస్తే చెల్లెలు, జుట్టంతా నెరిసిన మనిషి, మెట్ల మీద కూర్చుని తొడుగుల నాడాలు కట్టుకుంటోంది. ఇప్పుడివన్నీ ఎవరు చూస్తున్నారే అన్నాను.

“వాళ్ళ సంగతి నాకేల అక్కా. అత్త కుట్టకపోయుంటే నేనింకా మెట్ల మీదనే కూర్చోనుందును” అంది.

నేను దాని పక్కన కూర్చుని నా చెప్పులు విప్పాను. ఒకప్పుడు కాలు పెట్టడానికి సందు లేకుండా చెప్పులతో నిండిపోయే మెట్ల మీద, మేం లోపలికి వెళ్ళేటప్పటికి నా జత ఒక్కటే ఉంది.