సజీవం గారి ఇరవయ్యేడో సవరణ

పింఛను కార్యాలయంలో మూడో కిటికీ వెనక కూర్చునే పెద్దమనిషికి తల్లిదండ్రులు ఏదో ఒక పేరు పెట్టే ఉంటారు. అది జీతాల రిజిస్టరులో భద్రంగా ఉంది. బయట మాత్రం అందరూ ఆయన్ని సజీవం గారనే అంటారు. ఆయన చేతిలోని రబ్బరు ముద్ర మీద ఉన్న మాట అదొక్కటే. ఏడాదికోసారి పింఛనుదార్లు వచ్చి ఆ కిటికీ ముందు నిలబడతారు. ఆయన కళ్లజోడు పైనుంచి ఒకసారి, లోపలినుంచి ఒకసారి చూసి, ఫొటోతో పోల్చి, సంతకం పెట్టించి, "సజీవం" అని ముద్ర గుద్దుతారు. గుద్దితే మరో ఏడాది పింఛను వస్తుంది. గుద్దకపోతే మనిషి ఎంత దుక్కలా ఉన్నా సర్కారు లెక్కలో కాలం చేసినట్టే.

ఇరవయ్యారేళ్ల సర్వీసులో ఆయన ఎవరినీ ఊరికే బతకనిచ్చిన వారు కారు.

ఆయన కీర్తికి అసలు కారణం ఒక సర్వేయరు. ఉద్యోగం విరమించి విదేశంలో స్థిరపడిన ఆ సర్వేయరు ఏటా అక్కడి డాక్టరు చేత తాను బతికున్నానని రాయించి, కింద సంతకం చేసి, పోస్టులో పంపేవాడు. నాలుగేళ్లు అలాగే గడిచాయి. ఐదో ఏడు సజీవం గారు ఆ కాగితాలన్నీ వరసగా పరుచుకుని, ఫైలు మీద ఇలా రాశారు: "డెబ్బది యెనిమిదేండ్ల వాని చేయి ఏటేటా వణకవలెను. ఇతని చేయి ఏటేటా కుదురుకొనుచున్నది. ఇది బ్రతికినవాని లక్షణము కాదు." విచారిస్తే నిజమే. సర్వేయరు పోయి నాలుగేళ్లయింది. సంతకాలు బావమరిదివి.

ఆ ఊపులోనే ఆయన పింఛను నిబంధనలకు ఇరవయ్యేడో సవరణ రాసి పైకి పంపారు. అది కామా కూడా మారకుండా ఆమోదం పొందింది. "విదేశమున నివసించు పింఛనుదారు ప్రతి మూడు మాసములకు ఒకమారు, మూడవ కిటికీ ఎదుట, స్వయముగా, రెండు కాళ్లపై నిలబడి సంతకము చేయవలెను. వైద్యుని పత్రము, రాయబార కార్యాలయపు ముద్ర, ఇతరుల సాక్ష్యము, వీడియో దర్శనము చెల్లవు. మానవతా దృక్పథము మోసమునకు దొడ్డిదారి." కాళ్లు లేనివారికి ఉపనిబంధన విడిగా ఉంది. వారు ఉన్నంతలో నిలబడాలి.

దానికి వచ్చిన ప్రశంసాపత్రం ఫ్రేములో, ఆయన ఇంటి హాల్లో, టీవీకి పైన వేలాడుతూ ఉంటుంది. వాళ్లావిడ ఇల్లంతా తుడుస్తుంది గానీ దాన్ని మాత్రం తుడవదు. పడితే మళ్లీ ఇంకోటి సంపాదిస్తారని భయమట.

ఇంతటి మనిషి యాభై రెండో ఏట ఒక క్షౌరశాలలో దారి తప్పారు. ఉద్యోగుల సహకార సంఘం వాళ్లు చవకలో నాలుగు రోజుల విహారయాత్ర వేసి, సభ్యుల్ని సముద్రపు ఒడ్డున ఉన్న ఓ పరాయి దేశానికి తీసుకెళ్లారు. అందులో ఒక రోజు దిగడానికీ, ఒక రోజు ఎక్కడానికీ పోయింది. ఒక రోజు ఆయన కడుపు బాగోక గదిలోనే ఉండిపోయారు. మిగిలిన ఆ ఒక్క రోజున కటింగు చేయించుకున్నారు. ధర విని కుర్చీలోంచి లేవలేకపోయారు. ఇక్కడి ధరలో మూడో వంతు!

తిరిగొచ్చిన మర్నాడే నోటు పుస్తకం కొన్నారు. మధ్యలో గీత గీసి ఎడమ పక్క "ఇచ్చట", కుడి పక్క "అచ్చట" అని రాశారు. అద్దె, కరెంటు, చేపలు, చెప్పులు కుట్టడం, అన్నీ మూడో వంతే. అంటే ఇక్కడ అరకొరగా సరిపోయే పింఛను అక్కడ మూడింతలై కూర్చుంటుంది. ఇంకా ఎనిమిదేళ్లు ఈ కిటికీలో కూర్చుని జనాన్ని బతికించడం దేనికి? ఇప్పుడే స్వచ్ఛందంగా విరమించి, వెళ్లి, తాను బతకొచ్చు కదా? పైగా తోడల్లుడు ఈ మధ్యనే మేడ మీద మేడ వేశాడు. సజీవం గారు ఏకంగా దేశం మీద దేశం వేయదలచుకున్నారు.

"అక్కడ కటింగు మూడో వంతే, తెలుసా?" అన్నారు ఆవిడతో.

"మీకున్న జుట్టుకి ఇక్కడైనా మూడో వంతే తీసుకోవాలి. మొహమాటం లేకుండా పూర్తిగా పుచ్చుకుంటున్నారు."

"పుచ్చుకునేది వాళ్లు, మనం కాదు."

"ఇచ్చేది మనమేగా. సర్లెండి, జ్వరమొస్తే?"

"ఆస్పత్రి కూడా మూడో వంతే."

"భాషో?"

"భాషెందుకే? నొప్పెక్కడో వేలు పెట్టి చూపిస్తే చాలు."

"నాకు కడుపు మంట. వేలు ఎటు తిప్పి చూపించమంటారు?"

సజీవం గారు ఆ ప్రశ్నను అల్పమైనదిగా భావించి పుస్తకంలో ఎక్కించలేదు. "మీ షుగరుకి అక్కడ ఇన్సూరెన్సు ఇస్తారా?" అన్నదాన్ని మాత్రం ఎక్కించారు. షుగరు అని రాసి, ఎదురుగా "రాకుండ చూచుకొనుట" అని రాశారు. అప్పటికి అది వచ్చి తొమ్మిదేళ్లు.

ఆవిడ కూరలు తరుగుతూ, ఫోను గోడకి ఆనించి పెట్టుకుని, ఆ దేశపు భాష నేర్చుకోవడం మొదలుపెట్టింది. మొదటి వారానికి మూడు వాక్యాలు వచ్చాయి: ఇదెంత, చాలా ఎక్కువ, సగానికి ఇస్తావా. సజీవం గారు నేర్చుకోలేదు. డబ్బున్నవాడి మాట ఎవరికైనా అర్థమవుతుందని ఆయన సిద్ధాంతం.

పనులు చకచకా సాగాయి. విరమణకు మూడు నెలల నోటీసు ఇచ్చారు. చివరి రోజు లోపల మనసు మారితే ఆ నోటీసు వెనక్కి తీసుకోవచ్చు గానీ, తన మనసు మారే రకం కాదని ఆఫీసంతా చాటారు. దాచుకున్న సెలవులన్నీ సర్కారుకే అమ్మి డబ్బు చేసుకున్నారు. ఆ దేశం విశ్రాంత వీసా ఇవ్వాలంటే వాళ్ల బ్యాంకులో పెద్ద మొత్తం డిపాజిట్టు కట్టాలి. ఇక్కడి పన్ను తప్పించుకోవడానికి ఆ మొత్తాన్ని ఆయన ఎప్పుడో ఆవిడ పేర వేసి ఉన్నారు. కాబట్టి అసలు వీసా ఆవిడకు వచ్చింది, ఆవిడ భర్తగా ఆయనకు తోక వీసా వచ్చింది. వెళ్లినవాళ్లు మొదటి ఆరు నెలలూ ఆ దేశం ఎల్ల దాటకూడదు, దాటితే వీసా రద్దు. "దాటమన్నా దాటను" అన్నారు సజీవం గారు ఏజెంటుతో దర్జాగా. సముద్రం కనిపించే రెండు గదుల వాటాకి ఆరు నెలల అద్దె ముందే కట్టేశారు. అది తిరిగి రాదు.

ఇంకా పదకొండు రోజుల్లో విరమణ అనగా, రైల్వేలో గార్డుగా చేసి దిగిపోయిన ఒక ముసలాయన చక్రాల పెట్టె ఈడ్చుకుంటూ మూడో కిటికీకి వచ్చాడు. మూడు నెలలకోసారి వచ్చే మనిషే. సజీవం గారు కిటికీ దగ్గర ఎవరితోనూ కబుర్లాడి ఎరగరు. మాట్లాడితే జాలి పుడుతుందని భయం. ఆ రోజు మాత్రం కాగితంలో చిరునామా చూసి ఉలిక్కిపడ్డారు. అదే దేశం!

"ఏమండీ, అక్కడ ఎలా ఉంటుంది?"

గార్డు వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. "నన్నేనా?"

"మిమ్మల్నే. అద్దెలవీ ఎలా ఉంటాయి?"

"చవక."

"కూరగాయలు?"

"చవక."

"డాక్టర్లు?"

"అగ్గువండీ బాబూ. పళ్లన్నీ కట్టించేసుకున్నా, చూడండి" అని గార్డు నోరంతా తెరిచాడు.

"ఇవి ఫొటోలో లేవే" అన్నారు సజీవం గారు అలవాటు కొద్దీ. "అయితే ఖరీదైనదంటూ అక్కడ ఏదీ లేదన్నమాట!"

"ఎందుకు లేదూ? ఒకటుంది."

"ఏమిటి?"

"మీ దర్శనం."

సజీవం గారు కలం కింద పెట్టారు.

"ఏడాదికి నాలుగుసార్లు రానూ పోనూ విమానం. అక్కడ మిగిలిందంతా ఆ విమానం వాడి చేతిలో పోసి, మీకు మొహం చూపించి పోతున్నా. ఆ కిటికీ ఆయన్ని కట్టుకున్నా ఇన్నిసార్లు చూసేవాడివి కాదు కదయ్యా అంటుంది మా ముసల్ది. అయినా నేను నయం. మీ సవరణ రాకముందే వెళ్లాను కాబట్టి మొదటి ఆర్నెల్లూ కదలకుండా కూర్చున్నా. ఇప్పుడు కొత్తగా వెళ్లేవాడెవడో గానీ, వాడి పని గోవిందా. మూడో నెల్లో ఇక్కడికొస్తే అక్కడ వీసా పోతుంది. రాకపోతే ఇక్కడ ప్రాణం పోతుంది." గార్డు కిటికీ మీదికి వంగాడు. "ఇంతకీ ఎవరండీ వెళ్లేది?"

"మా... తోడల్లుడు."

"అయ్యో పాపం. మంచివాడేనా?"

"ఏదో, పరవాలేదు."

ఆ రోజు గార్డు కాగితం మీద సజీవం తలకిందులుగా పడింది. ఇరవయ్యారేళ్లలో అదే మొదటిసారి.

తర్వాత మూడు రోజులు సజీవం గారు తన సవరణలో కంత కోసం వెతికారు. డాక్టరు పత్రం వైపు నుంచి దూరబోతే అక్కడ తన వాక్యమే అడ్డంగా పడుకుని ఉంది. రాయబార కార్యాలయం వైపు వెళ్తే అక్కడా తనే కాపలా. ఎంత గట్టిగా రాశానో అని ఒక పక్క ఛాతీ పొంగుతోంది, రెండో పక్క అదే ఛాతీలో నొప్పి వస్తోంది. నాలుగో రోజున, మారిన కాలమాన పరిస్థితుల్లో ఆ నిబంధనను సడలించడం ధర్మమని ఒక నోటు రాసి పై అధికారి దగ్గరికి తీసుకెళ్లారు. ఆ అధికారిణి ఆయన కంటే ఇరవై ఏళ్లు చిన్న. ఉద్యోగంలో చేరిన కొత్తలో సజీవం గారి నోట్లు చదివే ఆఫీసు భాష నేర్చుకుంది.

"మానవతా దృక్పథం అన్నారు ఇందులో" అంది ఆవిడ.

"అవును మేడం. వృద్ధులు కదా."

ఆవిడ బీరువాలోంచి పాత ఫైలు తీసి ఆయన ముందు పెట్టింది. "మీరే రాశారు సార్. మానవతా దృక్పథము మోసమునకు దొడ్డిదారి. శిక్షణ తరగతుల్లో ఇప్పటికీ ఈ వాక్యమే చదివిస్తున్నాం. ఇందులో ఏ ముక్క తప్పో చెప్పండి, కొట్టేద్దాం."

సజీవం గారు చదివారు. మళ్లీ చదివారు. ఏ ముక్కా తప్పనిపించలేదు. నిజం చెప్పాలంటే చాలా బాగుందనిపించింది.

"లేదు మేడం," అన్నారు, "అలాగే ఉండనివ్వండి." బయటికొచ్చి విరమణ నోటీసు వెనక్కి తీసుకుంటూ ఇంకో కాగితం రాసిచ్చారు.

ఇంటికి వెళ్లేసరికి రెండు పెట్టెలు సర్ది హాల్లో ఉన్నాయి. సజీవం గారు విషయం చెప్పారు. పెట్టెలు విప్పమన్నారు. ఆవిడ మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చుని, ఒక పెట్టె మాత్రమే ఆయన వైపు జరిపింది.

"మీది విప్పుకోండి."

"నీదో?"

"ఆర్నెల్ల అద్దె కట్టేశాం. తిరిగి రాదన్నారు. సముద్రం ఖాళీగా ఎందుకు ఉండాలి?"

"ఒక్కదానివీ వెళ్తావా!"

"అసలు వీసా నాది. తోక రాలేదని మనిషి ఆగాలని ఏ దేశంలోనూ లేదు."

"మరి అక్కడ ఖర్చులకి?"

"మీ జీతం ఉందిగా. మూడో వంతు పంపండి చాలు. పుస్తకంలో మీరే రాశారు."

సజీవం గారికి వెతకగా ఒకే ఒక్క ఆయుధం దొరికింది. "పరాయి దేశంలో నీకేమన్నా అయితే? నువ్వు ఉన్నావో లేవో నాకెలా తెలుస్తుంది?"

"నేను బతికున్నట్టు ఎవరికీ చూపించుకోనక్కర్లేదండీ" అంది ఆవిడ పెట్టెకి తాళం వేస్తూ. "పెళ్లయిన ఇరవై ఎనిమిదేళ్లలో ఎవరడిగారు గనక."

ఆవిడ వెళ్లింది. మొదటి నెలలో వారానికోసారి ఫోను చేసింది. రెండో నెలలో పదిహేను రోజులకోసారి చేసింది. అక్కడ పొద్దున్నే ఈత నేర్పుతున్నారట, బజారులో సగానికి సగం బేరం కుదురుతోందట. కడుపు మంట తగ్గిపోయిందట. ఎందుకు తగ్గిందో డాక్టరుకీ అంతు పట్టలేదట. ఇక్కడ సజీవం గారు అన్నం వండడం నేర్చుకున్నారు. అది ఒక రోజు పలుకుగాను, ఒక రోజు గంజిగాను అవుతోంది. ఒక సాయంత్రం ఉండబట్టలేక అన్నారు.

"ఏమే, ఒకసారి వీడియో పెట్టవూ? చూస్తాను."

"వీడియో చెల్లదని రాశారుగా" అంది ఆవిడ. వెనక అలల చప్పుడు వినిపిస్తోంది. "రండి, స్వయంగా. రెండు కాళ్ల మీద."

ఆయన సెలవుల పట్టిక తీసి చూసుకున్నారు. నిల్వ సున్నా. అమ్మింది తనే, కొన్నది సర్కారు.

మూడో నెలలో చక్రాల పెట్టె మళ్లీ వచ్చింది. గార్డు కాగితాలు లోపలికి తోస్తూ, "మీ తోడల్లుడు వెళ్లాడాండీ?" అన్నాడు.

"లేదు. వాళ్లావిడ వెళ్లింది."

"ఆవిడేనేమో! మా వీధి చివర సముద్రం వైపు వాటాలో ఒకావిడ దిగింది. మన మనిషే. బేరమాడటానికి నిలబడితే దుకాణాల వాళ్లు దండం పెట్టేస్తున్నారు. నిన్న పొద్దున నేను బయల్దేరుతుంటే ఈతకెళ్లి వస్తోంది, నెత్తి మీద తువ్వాలు చుట్టుకుని. నవ్వుతోంది."

"మీరు స్వయంగా చూశారా?"

"ఈ రెండు కళ్లతో."

ఇతరుల సాక్ష్యం చెల్లదన్న మాట సజీవం గారికి గుర్తులేక కాదు. అయినా ఆయన కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. ఎప్పుడూ లేనిది, సాక్షిని ఇంకొకసారి చెప్పమన్నారు. గార్డు తువ్వాలు దగ్గర్నుంచి మళ్లీ చెప్పాడు.

వినడం పూర్తయ్యాక సజీవం గారు ముద్ర చేతిలోకి తీసుకుని, గార్డును ఎడమ కాలు కూడా నేల మీద సరిగ్గా ఆనించమన్నారు.