బొట్టు దాకా నీళ్లు

మా పై వాటా ఆంటీ పోయారు. ఆయాసంతో ఆస్పత్రికి వెళ్లిన మనిషిని మంగళవారం పొద్దున ఫ్రీజర్ పెట్టెలో అశోక్‌నగర్‌లోని మా బిల్డింగుకు తెచ్చారు.

ఆవిడ హాల్లో ఒక ఉప్పునీటి చేపల తొట్టి ఉంది. అందులో తెల్ల చారల నారింజ రంగు చేపలు రెండు. వాటి మీద ఆవిడకున్నంత శ్రద్ధ చిక్కడపల్లి మార్కెట్లో వంకాయలు ఏరేటప్పుడు మాత్రమే మళ్లీ కనిపించేది. ఎండలకు తొట్టిలో నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం అందులోనే ఉండిపోతుంది. ఉప్పదనం పెరిగితే చేపలు బతకవు. అందుకని ఆవిడ తన నుదుటి మీది స్టిక్కర్ బొట్టు తీసి తొట్టి అద్దానికి అంటించారు. మట్టం బొట్టు కిందికి దిగితే, నారాయణగూడ నుంచి తెప్పించే ఫిల్టర్ నీళ్లు పోసేవారు.

"ఈ తిప్పలెందుకాంటీ, మూత పెట్టేయరాదూ?" అన్నానొకసారి. నా మీద ఇంతెత్తున లేచారు.

"నీళ్లు తగ్గితే పోస్తం. గాలి తగ్గితే ఏం పోస్తవ్?"

ఆయాసం మనిషి కదా, ఆవిడకు తెలిసినట్టు మాకెవరికి తెలుస్తుంది!

ఆ రోజు మగవాళ్లు శ్మశానానికి బయల్దేరగానే ఇల్లు కడగడం మొదలైంది. చావింట్లో నిల్వ నీళ్లు ఉంచకూడదని బిందెలు, బకెట్లు, చేపల కోసం పెట్టిన ఫిల్టర్ క్యాన్లతో సహా పారబోశారు. అప్పుడు చూశాను తొట్టి వైపు. దాని మీద ప్లాస్టిక్ టేబుల్ క్లాత్ బిగించి కట్టి ఉంది.

"సాంబ్రాణి పొగ తగులుతదని నేనే కప్పిన బిడ్డా," అంది ముషీరాబాద్ నుంచి వచ్చిన ఆంటీ చెల్లెలు.

లాగి పారేశాను. చేపలు రెండూ పైకి తేలి నోళ్లు తెరుచుకుని కొట్టుకుంటున్నాయి. నీళ్లలో కదలిక లేదు. ఫ్రీజర్ పెట్టె కోసం తొట్టికి గాలి అందించే పంపు ప్లగ్గు పీకేశారు! కాళ్ల కింద నేలంతా తడి. చేతులు కొంగుకు తుడుచుకుని ప్లగ్గు పెట్టాను. పంపు గురగురమంది.

ఆమె బకెట్, మగ్గు పట్టుకుని వచ్చింది. "ఇవి గూడ పారబొయ్యాలె. నిల్వ నీళ్లు."

"పారబోస్తే చేపలు చస్తయమ్మా."

"గిన్నెల ఎయ్యి. చావింట్ల ఇవన్ని ఉంచుతరా?"

నేను తొట్టికి అడ్డంగా నిలబడ్డాను. "మీ అక్క ఈ నీళ్లను ఒక్క దినం గూడ నిలవనియ్యలే. చూడుండ్రి, తిరుగుతున్నయి. ఇవి నిల్వ నీళ్లెట్లయితయి?"

ఆమె బకెట్ కింద పెట్టింది. తొట్టికేసే చూస్తోంది. చేపలింకా నోళ్లు తెరుస్తూనే ఉన్నాయి.

"ఆస్పత్రిల అక్క గూడ గిట్లనే..." అని ఆగిపోయింది.

ఎంతసేపటికో ఒక చేప కిందికి దిగింది. తర్వాత రెండోది.

మట్టం బొట్టుకు బాగా కిందికి ఉంది. కొత్త క్యాను తెప్పించాం. ఉప్పునీటి చేపలు కదా అని ఆమె వంటింట్లోంచి ఉప్పు డబ్బా తెచ్చింది.

"ఉప్పు వద్దమ్మా. అది యాడికీ పోలే. నీళ్లే పోయినయ్."

చెంబుతో ఆమే పోసింది, చేపలు బెదరకుండా, అంచు వెంబడి, సన్నగా. నీళ్లు పైకి వచ్చి బొట్టును తాకాయి. అప్పుడు గానీ దాన్ని చూడలేదామె.

"గిది అక్క బొట్టే కద," అంది. చెంబులో ఇంకా నీళ్లున్నాయి. మరి పోయలేదు, కింద పెట్టనూ లేదు.