అండాలమ్మ డ్రమ్ముకు అజీర్తి

శనివారం సాయంత్రం ఐదుంపావుకి, అపార్ట్‌మెంట్ సంఘం పెద్దలు ఐదుగురు పరీక్షకొచ్చి చూస్తుండగా, అండాలమ్మ గ్యాసు పొయ్యి నాలుగు నిమిషాలు వెలిగి తుస్సుమని ఆరిపోయింది. అప్పటికి టీ నీళ్ళు గోరువెచ్చగా ఉన్నాయి. తర్వాత కంపు వచ్చింది. అధ్యక్షులు మల్లికార్జునరావుగారు ముక్కుకి జేబురుమాలు అడ్డం పెట్టుకునే తీర్పు చెప్పారు.

"పదిహేను రోజులు టైమిస్తున్నామండీ. అప్పటికీ టీ కాగకపోతే మేడ మీది ఆ డ్రమ్ము తీయించేస్తాం."

అండాలమ్మ ప్రాణం ఉసూరుమంది. ముప్పై ఏళ్ళు సైదాబాద్‌లో ఊళ్ళోవాళ్ళ జాకెట్లు కుట్టిన మనిషి. తన ముచ్చట కోసమంటూ చేసుకున్న వస్తువు అదొక్కటే. నల్లగొండ జిల్లాలో పుట్టింట గోబర్ గ్యాసు మీద వంట నేర్చుకుంది. ఎల్బీ నగర్ మేడ మీద గొడ్లు ఉండవు గనక, కూరగాయల తొక్కలూ మిగిలిన అన్నమూ చాలనుకుంది. పెద్ద డ్రమ్ములో చిన్న డ్రమ్ము బోర్లించి, దిల్‌సుఖ్‌నగర్‌లో కొన్న ఒంటిపొయ్యికి పైపు కలిపింది. ఏడాదిగా టీ, పప్పు దాని మీదే.

మర్నాడు కర్ర పెట్టి కెలికింది. ఎర్రటి నూనె తేలింది. దాని వెంట మామిడి ముక్కలు, ఆవపిండి, శనగలు. ఆ మూడంతస్తుల్లోనూ ఆవకాయలో శనగలు వేసే ఇల్లు ఒక్కటే. సాక్షాత్తూ అధ్యక్షులవారిది.

తలుపు తీసిన ఆయన భార్య సూర్యప్రభ మొహం చూశాక అడగాల్సిన పనే లేకపోయింది.

"జాడీ అంతా బూజు పట్టేసింది వదినగారూ," గుసగుసలాడింది సూర్యప్రభ. "నా ఆవకాయ ఎప్పుడూ పాడవదని ఆయన ఊరంతా చెప్పుకుంటారు. చెత్తబండిలో వేస్తే పదిమందీ చూడరూ?"

"గంత ఉప్పు, గంత నూనె పోస్తే గ్యాసెట్ల ఒస్తది వదినె? లోపటి పురుగులన్నీ సచ్చిపోతయ్. గిప్పుడు పేడ కావాలె. నడువు, హయత్‌నగర్ పోదాం."

"నేనా?"

"మరి జాడీ నేనేసిన్నా?"

తిరుగు బస్సులో, ఇస్త్రీ చీర కుచ్చిళ్ళ మధ్య మూత బిగించిన బకెట్టు పెట్టుకుని కూర్చున్న సూర్యప్రభను, "ఏందమ్మా గది?" అనడిగింది కండక్టరు.

"ఇడ్లీ పిండండీ," అంది సూర్యప్రభ, కిటికీలోంచి బయటికి చూస్తూ.

సగం బస్సు ముక్కు మూసుకుంది. అండాలమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

డ్రమ్ము సగం తోడేసి, పేడనీళ్ళు పోసి, పులుపు విరగడానికి కాస్త సున్నపుతేట కలిపి, పదిరోజులు దానిచేత లంఖణం చేయించింది. పదకొండో రోజుకి చిన్న డ్రమ్ము జానెడు పైకి లేచింది.

గడువునాడు టీ పొంగింది. మల్లికార్జునరావుగారు రెండో కప్పు కూడా ఖాళీ చేసి, ఇక తప్పు పట్టడానికేమీ దొరక్క, "అంతా బానే ఉందండీ, అసలు ఆ కంపు మేమెందుకు భరించాల్సొచ్చింది? కారణం చెప్పాలా వద్దా?" అని నిలదీశారు. ఆయన వెనక సూర్యప్రభ ఖాళీ ట్రే ఎత్తి మొహానికి అడ్డం పెట్టుకుంది.

అండాలమ్మ ఖాళీ కప్పు అందుకుంటూ అంది: "ఉప్పు, నూనె ఎక్కువై దానికి పడలేదు సారూ, మీరు గూడ జర బీపీ సూపించుకోండ్రి."