ఊళ్లన్నీ కలిసి మోసిన పైకప్పు

కెనడాలో, కిచెనర్‌లోని ఒక కాలేజీలో నేను ఇన్సూరెన్స్ కోర్సులో చేరినప్పుడు, మా బేస్‌మెంట్‌లో ఉండే అమ్మాయిలెవరికీ అదేం చదువో అర్థం కాలేదు. వాళ్లంతా కంప్యూటర్సో, సప్లై చెయినో చదువుతున్నారు. ఆ రోజుల్లో మా వీధిలో ఏ ఇంటి ముందు చూసినా కొత్తగా దిగిన సూట్‌కేసులే. బస్సులో తెలుగు వినపడని రోజు లేదు. ఇంతమందిలో కాస్త వేరేది చదివితే ఉద్యోగం దొరుకుతుందనుకున్నాను. అంతకు మించి ఇన్సూరెన్స్ మీద నాకు ప్రేమేమీ లేదు.

అనుకున్నట్టే దొరికింది. కొన్ని చిన్న ఊళ్ల మున్సిపాలిటీలు కలిసి నడుపుకునే ఇన్సూరెన్స్ పూల్ ఆఫీసు అది. ఒక్కో ఊరూ ఏటా తన వాటా వేస్తుంది. ఏ ఊళ్లో వంతెన దెబ్బతిన్నా, మంచు తీసే బండి ఎవరి కారునైనా గుద్దినా, ఆ ఉమ్మడి నిధిలోంచే చెల్లిస్తారు. నా పని క్లెయిముల కాగితాలు చూడడం. మా మేనేజరు రిటైర్‌మెంటుకు దగ్గరపడిన కెనడా ఆవిడ. చేరిన కొన్నాళ్లకే ఆవిడ నన్ను పూల్ నిర్వహణలో ప్రొఫెషనల్ సర్టిఫికేషన్ చెయ్యమంది. అది ఉంటే ఉద్యోగం గట్టిపడుతుంది, పీఆర్‌కు, అంటే ఇక్కడే శాశ్వతంగా ఉండే అనుమతికి, పనికొస్తుంది అనుకుని ఒప్పుకున్నాను.

చదువు సాగలేదు. ఒక పేజీ చదివేదాన్ని, ఫోన్ తీసి పీఆర్‌కు పిలిచే డ్రాలో కటాఫ్ స్కోరు ఎంతకు పెరిగిందో చూసేదాన్ని. మళ్లీ ఒక పేజీ, మళ్లీ వర్క్ పర్మిట్ ముగిసే తేదీ. కుర్చీలో కాళ్లు ఆగేవి కావు. బట్టలు ఉతుక్కోవడానికి వెళ్లే లాండ్రీలో, మెషీన్ల మధ్య అటూ ఇటూ తిరుగుతూ బట్టీ పట్టేదాన్ని. నా రూమ్మేట్ తెనాలి వైపు అమ్మాయి, కేంబ్రిడ్జ్‌లో వేర్‌హౌస్‌కు వెళ్లేది. పుస్తకం పట్టుకుని నా వెనకే నడుస్తూ ప్రశ్నలు అడిగేది.

"నువ్వు ఆన్సర్ చెప్తన్నావా, పారిపోతన్నావా?" అంది ఒకసారి.

మొదటి పేపరు ఫెయిలయ్యాను. పూల్‌కీ, మామూలు ఇన్సూరెన్స్ కంపెనీకీ తేడా రాయమంటే, రెండూ మన నష్టాన్ని ఇంకొకరి మీదకు పంపేవేనని, నిర్వహణే వేరని రాసి వచ్చాను. మేనేజరు ఏమీ కోప్పడలేదు. ఎక్కడ తప్పానో పుస్తకం చూసి వెతుక్కోమని మాత్రం చెప్పింది. వెతికాను, వాక్యం దొరికింది, తలకెక్కలేదు.

ఆ వసంతంలో, ఇక మంచు అయిపోయిందని అందరూ బూట్లు లోపల పెట్టేశాక, తడి మంచు విపరీతంగా కురిసింది. మా పూల్‌లోని ఒక చిన్న ఊళ్లో స్కేటింగ్ అరీనా పైకప్పు కూలింది. మంచు వల్ల స్కూళ్లు, అరీనా మూసేసి ఉన్నాయి కాబట్టి లోపల పిల్లలు లేరు. మేనేజరు తన కారులో నన్నూ తీసుకెళ్లింది. విరిగిన దూలాలు ఐసు మీద పడి ఉన్నాయి. ఒక గోల్ పోస్టు నలిగిపోయింది. తడిసిన చెక్క వాసన. ఊరి జనం టేపు కట్టిన దగ్గర నిలబడి చూస్తున్నారు. వాళ్లకు శీతాకాలమంతా వెళ్లే చోటు అదొక్కటేనట.

కొన్ని వారాల తర్వాత సభ్య ఊళ్ల ప్రతినిధులంతా సమావేశమయ్యారు. ఒప్పందం ప్రకారం క్లెయిము చెల్లించాల్సిందే, దాని మీద గొడవ లేదు. వచ్చే ఏడు ఆ ఊరిని పూల్‌లో ఉంచాలా వద్దా అన్నదే ప్రశ్న. పైకప్పు తనిఖీ చేయించుకోమని మా ఆఫీసు చెప్పినా వాళ్లు చేయించుకోలేదు. పక్క ఊరి కౌన్సిలరు, మాట కరుకైన ఒకావిడ, అదే పట్టుకుంది. తమ ఊళ్లో ఏటా తనిఖీలు చేయిస్తామని, చేయించనివాళ్ల బరువు తాము మోయమని చెప్పింది. చాలామంది తలలు ఊపారు.

నేను మూలన కూర్చుని మినిట్స్ రాస్తున్నాను. కాలు ఊగుతూనే ఉంది. ఉంచాలా, పంపాలా అన్న మాట వినపడ్డప్పుడల్లా పెన్ను ఆగిపోయేది. అది నా గురించి కాదని తెలుసు. అయినా నా వర్క్ పర్మిట్ తేదీ గుర్తొచ్చేది.

ఆ ఊరి మేయరు ముసలాయన. లేచి నిలబడ్డాడు.

"తనిఖీ వాయిదా వేసింది నేనే," అన్నాడు. "ఇంకో శీతాకాలం ఆగుతుందనుకున్నాను. ఆరోజు సెలవు లేకపోతే నా మనవరాలు లోపలుండేది. మమ్మల్ని ఉంచుకోండి. మా ప్రతి పైకప్పూ వచ్చి చూడండి. ఏం మార్చమంటే అది మారుస్తాం."

కౌన్సిలరు మెత్తబడలేదు. "చూస్తాం. చూసే హక్కు మాకుంది. ఆ డబ్బు మాది," అంది.

చివరికి ఉంచారు. ఏటా చలి రాకముందే పూల్ పంపే ఇంజినీరు అన్ని కట్టడాలూ చూడాలని, ఆ ఊరు కొన్నాళ్లు ఎక్కువ వాటా వెయ్యాలని షరతు పెట్టారు. కౌన్సిలరు కూడా చెయ్యెత్తింది. బయటికొచ్చాక ఆవిడా, మేయరూ పార్కింగ్ లాట్‌లో నిలబడి పాత హాకీ ఆట గురించేదో మాట్లాడుకున్నారు.

తిరిగొచ్చేటప్పుడు, మొదటి పేపర్లో నేను రాసిన తప్పేంటో కారులో తెలిసింది. కంపెనీకి ప్రీమియం కట్టినవాడు నష్టాన్ని దానికి అప్పగించి వెళ్లిపోతాడు. ఇక్కడ ఎవరూ ఎక్కడికీ వెళ్లలేదు. నష్టపోయినవాడూ, దాన్ని మోసేవాళ్లూ ఒకే గదిలో కూర్చున్నారు, అందుకే ఒకరి పైకప్పు గురించి ఇంకొకరు నిలదీయగలిగారు. మేనేజరుతో ఆ మాటంటే, "పరీక్షలో అదే రాయి," అంది రోడ్డు మీంచి చూపు తిప్పకుండా.

రాశాను. ఆ పేపరు పాసయ్యాను, తర్వాతవీ పాసయ్యాను. ఈలోపు వేర్‌హౌస్‌లో షిఫ్టులు తగ్గి మా రూమ్మేట్ ఎడ్మంటన్ వెళ్లిపోయింది. మిగిలిన పేపర్లకు ప్రశ్నలు ఫోన్లోనే అడిగింది, నేను వీధుల్లో నడుస్తూ జవాబులు చెప్పాను.

సర్టిఫికెట్ వచ్చిన రోజు అమ్మకు వీడియోలో చూపించాను. ఇక నుంచి పాలసీలు కట్టించే ఏజెంటువా అని అడిగింది. కాదని చెప్పి, పైకప్పు సంగతంతా చెప్పాను. "మంచిదే కదనే, మరి ముఖం అట్లెందుకు పెట్టినవ్?" అంది.

అప్పటికి పీఆర్ ఇంకా రాలేదు. వచ్చింది ఆ మరుసటి ఏడు. ఆలోగా మిస్సిసాగాలో పెద్ద కంపెనీలకు అప్లై చేశాను, రెండుసార్లు ఇంటర్వ్యూకు వెళ్లాను, ఉద్యోగం ఇస్తామన్నా చేరలేదు. ఎందుకు చేరలేదంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మేనేజరు రిటైరయ్యాక, ఇంజినీరుతో కలిసి సభ్య ఊళ్ల తనిఖీలకు వెళ్లే పని నాకిచ్చారు. ఎక్కువ రోజులు రోడ్డు మీదే గడిచేవి. కాళ్లు ఆగని నాకు ఆ పని సరిపోయింది.