ఇవాంజెలినమ్మ ఎత్తని అట్ట

నాంపల్లి స్టేషను దగ్గర ఒక సందులో చిన్న చర్చి, దాని పక్కనే రేకుల హాలు. తొంభైల మొదట్లో నెలకో శనివారం సాయంత్రం అక్కడ సినిమా వేసేవారు. టికెట్టు లేదు. సినిమా పిచ్చి ఉన్న నలుగురు కలిసి పెట్టుకున్న సంఘం అది. దేశదేశాల సినిమాలు రేకు డబ్బాల్లో తెప్పించేవారు. చర్చి అయ్యగారు హాలు ఇస్తూ ఒకటే షరతు పెట్టారు: పిల్లాజెల్లా కూర్చునే చోట ముద్దులు కనపడకూడదు.

అందుకని చర్చి సండేస్కూలు టీచరు ఇవాంజెలినమ్మ అట్ట పట్టేది. హాలు మధ్యలో ప్రొజెక్టరు పక్కన స్టూలు మీద కూర్చుని, అలాంటి ఘట్టం రాగానే వెలుగుకు అడ్డం పెట్టేది. ఎప్పుడు ఎత్తాలో తెలియాలి కదా, ముందురోజు శుక్రవారం మధ్యాహ్నమే సినిమా చూసిపెట్టుకునేది. వెలుతురు రాకుండా తలుపులు మూయక తప్పదు. మిషను తిప్పే శ్యామ్‌సుందర్ ఆమెకు తమ్ముడి ఈడువాడు. స్టూలు గట్టిగా ఉంటుందని తన తువ్వాలు మడిచి వేసేవాడు.

భర్త పోయాక ఆమె ప్రాణమంతా సండేస్కూలు పిల్లల మీదే. పాటలు నేర్పేది, చెమట తుడిచేది, వాన పడితే ఇళ్లదాకా దిగబెట్టి వచ్చేది.

సంఘం కార్యదర్శి రాధాకృష్ణమూర్తికి నోటి దురద. ఆబిడ్స్‌లో చాయ్ తాగుతూ నలుగురిలో అన్నాడు: "ముద్దులు మనకు లేవు గానీ టీచరమ్మకు ఉన్నయి. శుక్రవారం తలుపులేసుకొని సూస్తది. శ్యామ్‌సుందర్ తోడుంటడు."

ఆ నవ్వు ఆబిడ్స్‌లో ఆగలేదు, చర్చి మెట్లదాకా నడిచొచ్చింది. తల్లులు ఒక్కొక్కరే పిల్లలను సండేస్కూలు మాన్పించారు. చివరికి క్లాసు ఇంకొకరికి ఇచ్చారు. మాట ఎవరిదో శ్యామ్‌సుందరే తల వంచుకుని ఆమెకు చెప్పాడు. ఆ రోజునుంచి తువ్వాలు వేయడమూ మానేశాడు.

ఇవాంజెలినమ్మ ఏడవలేదు. మోకరించి, "ప్రభువా, క్షమించమని ఇప్పుడే అడగకు. ముందు నా పని కానియ్యి," అంది.

ఆ నెల మూర్తి తన ఆఫీసరుగారిని కుటుంబంతో సహా పిలిచాడు. ఆయన తలుచుకుంటే మూర్తికి ప్రమోషను. ముందు వరుసలో కుర్చీలు వేయించి, మడత నలగని తెల్లచొక్కాలో తిరుగుతున్నాడు.

"టీచరమ్మా, ఇయ్యాల జర జాగ్రత్త. పెద్దోళ్లొచ్చిన్రు."

"ఔ సార్. అంతా చూసిపెట్టుకున్న."

తెర మీద రైలు పెట్టెలో ఇద్దరు ప్రేమికులు దగ్గరగా జరిగారు. అట్ట ఆమె ఒళ్లోనే ఉంది.

"అట్ట, టీచరమ్మా. అట్ట."

ఆమె చేతులు లేవలేదు. తెర నిండా ముద్దు. ఆఫీసరు భార్య తల దించుకుంది. మూర్తి పడుతూ లేస్తూ వచ్చి ప్రొజెక్టరు ముందు చేతులు చాపి నిలబడ్డాడు. తెర మీద నీడ పడింది, ముద్దు మాత్రం ఆయన పొట్ట మీదికి దిగింది.

"మూర్తి సాబ్, కదలకు. గీడ మంచిగ కనవడుతుంది," అన్నారెవరో వెనక బెంచీలోంచి.

హాలంతా నవ్వు. ఆఫీసరు లేచి కుటుంబాన్ని తీసుకుని వెళ్లిపోయాడు. ఇవాంజెలినమ్మ ఆ నవ్వును కడుపునిండా విన్నది.

మర్నాడు అయ్యగారు పిలిచి అడిగారు. "చేతులు రాలేదయ్యగారూ," అని జరిగినదంతా చెప్పింది. ఆయన సంఘానికి కబురు పంపారు: హాలు కావాలంటే ఇకనుంచి అట్ట మూర్తిగారే పట్టాలి.

పట్టాడు. శుక్రవారాలూ రావలసి వచ్చింది. భార్య కమల వెంట వచ్చి, మూసిన తలుపు దగ్గర కుర్చీ వేసుకుని కాపలా కూర్చునేది. శనివారం ఇవాంజెలినమ్మ ముందు వరుసలో కూర్చుని, తెర నల్లబడినప్పుడల్లా వెనక్కి తిరిగి ఆయన ముఖంలోకి చూసేది.

ఒక సాయంత్రం సినిమాకు ముందు ఆయన దగ్గరికొచ్చాడు. "తప్పయింది టీచరమ్మా. ఇగ మాఫ్ చెయ్యి."

"నా పిల్లలను తోలుకరండి సార్. అబద్ధమాడిన అని తల్లులకు మీ నోటితోనే చెప్పి తోలుకరండి. అప్పుడు చూద్దాం."

ఆయన అట్ట తీసుకుని వెళ్లి స్టూలు మీద కూర్చున్నాడు. ఆమె ముందు వరుసలో కూర్చుని వెనక్కి తిరిగింది.