మొత్తం సాఫ్

ముందు నా ఫొటోలు తీసుకున్నాను.

తెర మీద రెండు ఫోల్డర్లు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాని పేరు ‘శబరి వరద’. రెండోదాని పేరు ‘జోగయ్య పాట’. పాడైపోతున్న హార్డ్ డిస్కు చివరిసారి తిరుగుతోంది. భద్రాచలంలోని మెకానిక్ ఫోన్లో అప్పుడే చెప్పాడు: “సార్, అది మళ్ళీ లేస్తదో లేదో చెప్పలేను. ఏది ముఖ్యమో అది ముందు తీస్కోండి.” నేను వరద మీద నొక్కాను.

ఇంతే. పత్రికలో అయితే రెండు వాక్యాల్లో పట్టే విషయం. దీన్ని పదేళ్ళకు పైగా మోస్తున్నాను. రోజూ రాయడమే పనిగా బతికినవాణ్ని ఈ రెండు వాక్యాలు ఎందుకు రాయలేకపోయాను? భయమా? సిగ్గా? ఆ రెండూ కొంత కొంత ఉండే ఉంటాయి కాని, అసలు సంగతి వేరు. నన్నెవరూ అడగలేదు. అడగని ప్రశ్నకు జవాబు దాచుకోవడం చాలా సుఖమైన పని. మీరూ అడగలేదు. అయినా చెప్తాను.

అప్పట్లో నేను బస్తర్ కొసన, శబరి ఒడ్డున ఉన్న కోంటాలో ఒక తెలుగు పత్రికకు విలేకరిని. బజారులో శ్రీను ఫొటో స్టూడియో ఉండేది. వాళ్ళ తాత గోదావరి వైపు నుంచి బట్టల మూటతో వచ్చి ఇక్కడ స్థిరపడ్డాడు. దుకాణం ఉన్నవాడు ఎవడైనా ఇక్కడ సేటే కాబట్టి శ్రీనును కూడా అందరూ సేటు అనేవాళ్ళు. నన్ను అతను అన్నా అనేవాడు. వార్తలు టైపు చేయడానికి, ఫొటోలు దాచుకోవడానికి అతని పాత కంప్యూటరే నాకు దిక్కు. ఒకప్పుడు తెల్లగా ఉండి పసుపుబారిన డబ్బా అది. శబరి పొంగితే నీళ్ళు బజారులోకి వస్తాయని దాన్ని ఇటుకల మీద పెట్టాడు.

ఇక జోగయ్య. మరైగూడ అవతల ఒక చిన్న ఊళ్ళో దొర్ల తెగ రైతు. విత్తనాల పండుగ రోజు, ఊళ్ళోవాళ్ళకు విత్తనాలు పంచేముందు పాడే పాట ఒకటి ఆ ఊరికి ఉంది. వాళ్ళ పెద్దలు ఏ గుట్ట దిగి, ఏ వాగు దాటి అక్కడికి వచ్చారో వరసగా పేర్లతో చెప్పే పాట. మొదలూ చివరా చాలామందికి వచ్చు. మధ్యలో ఉన్న పేర్లన్నీ జోగయ్య ఒక్కడికే వచ్చు. ఆ సంగతి విని, ఒక మధ్యాహ్నం రికార్డర్ పట్టుకుని వాళ్ళింటికి వెళ్ళాను.

“పండుగ కాని దినం ఇది పాడొద్దు సారు,” అన్నాడు.

నేను రికార్డర్ సంచిలో పెట్టబోయాను. ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

“మిషనుకు పాడితే పాడినట్టు కాదులే. దాని నోట్ల పెడుతున్న, అంతే.”

పాడాడు. పాడాక అడిగాడు: “నీ డబ్బాల ఉంటది గదా? రేపు నా బిడ్డ గంగి అడిగితే ఇస్తవు గదా?”

“ఉంటది. ఇస్తా,” అన్నాను.

పాటను శ్రీను కంప్యూటర్లో ఎక్కించి, రికార్డర్‌లో తుడిచేసి, మర్నాడు ఇంకేదో సభకు వెళ్ళాను. ఆ చలికాలంలోనే జోగయ్య చనిపోయాడు. ఇక పండుగలో విత్తనాలు పంచే పని ఆయన తమ్ముడిది. తమ్ముడికి పాట సగమే వచ్చు. పండుగలోపు వచ్చి పాట ఫోన్లో ఎక్కించుకుని చిన్నాయనకు నేర్పిస్తానని గంగి కబురు పంపింది. రమ్మన్నాను.

కంప్యూటర్ చెడిపోవడం ఎండలు ముదిరినప్పుడు మొదలైంది. ముందు నెమ్మదించింది. బటన్ నొక్కి, ఎదురు హోటల్లో టీ తాగి వచ్చినా ఇంకా లేస్తూనే ఉండేది. తర్వాత చప్పుడు మొదలైంది. రేకు మీద గోటితో కొట్టినట్టు టిక్కు టిక్కు, కాసేపు ఆగి మళ్ళీ టిక్కు. శ్రీను డబ్బా మీద ఒక్కటి వేస్తే ఆ చప్పుడు ఆగేది. ఆ దెబ్బే మందని నమ్మాం. కేబుల్ మార్చాం. కరెంటు ఇంకో వైరు నుంచి ఇచ్చి చూశాం. ర్యామ్ ఊడదీసి, బడిపిల్లల రబ్బరుతో రుద్ది మళ్ళీ పెట్టాం. డిస్కును తనను తాను తనిఖీ చేసుకోమని ఆదేశం కూడా ఇచ్చాం, అది సగంలో ఆగిపోయింది. ఆయాసపడేవాణ్ని పరుగెత్తించి గుండె పరీక్ష చేసినట్టు చేశామని తర్వాత తెలిసింది.

ఒక పొద్దున నల్లటి తెర మీద డిస్కు దొరకలేదని ఒకే ఒక ఇంగ్లీషు వాక్యం వచ్చింది. శ్రీను ఆ రోజంతా డబ్బా విప్పి, పెయింట్ బ్రష్‌తో మూలమూలలా దుమ్ము దులిపాడు. అయినా లేవలేదు. మర్నాడు ఫొటో పేపర్ కోసం భద్రాచలం బస్సెక్కాడు. స్టూడియోలో నేనొక్కణ్నే మిగిలాను.

డిస్కు ఊడదీసి, స్టూడియో వెనక జిరాక్స్ గదిలోని కంప్యూటరుకు రెండో డిస్కుగా తగిలించాను. టేబుల్ ఫ్యాన్ దాని వైపు తిప్పాను. మెకానిక్‌కు ఫోన్ చేశాను. తిరిగింది. మొదట చెప్పిన రెండు ఫోల్డర్లూ కనిపించాయి.

పాట ఒకే ఒక ఫైలు. చిన్నది. గ్లాసు మంచినీళ్ళు తాగేలోపు వచ్చేసేది. ఫొటోలు ఎన్నో ఏళ్ళవి, పెద్దవి. జగదల్‌పూర్‌లో ప్రదర్శనకు ఇస్తానని మాట ఇచ్చి ఉన్నాను. పాట చిన్నది కదా, తర్వాత తీసుకోవచ్చని అనుకున్నానా? అనుకున్నాను. కాని అది కారణం కాదు, సాకు. మా డెస్కులో ఒక పద్ధతి ఉంది. పెద్ద వార్త ముందు పంపు, ఫిల్లర్ తర్వాత పంపు. ఫిల్లరంటే పేజీలో జాగా మిగిలితే నింపే చిన్న ముక్క. ఒక మనిషి తన ఊరు నడిచి వచ్చిన దారిని నా చేతిలో పెడితే నా చెయ్యి దాన్ని ఫిల్లర్ కింద లెక్కేసింది. ఆలోచించే వ్యవధి లేక కాదు. చాలా స్థిమితంగా కూర్చుని ఎంచుకున్నాను.

ఫొటోలు దాదాపు అన్నీ వచ్చాయి. చివరి కొన్నింటి దగ్గర ఆ చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి ఆగలేదు. రెండు ఫోల్డర్లూ తెర మీంచి మాయమయ్యాయి. డిస్కును చల్లార్చి పెట్టాను. నిలబెట్టి పెట్టాను, పడుకోబెట్టి పెట్టాను. అది మళ్ళీ తిరగలేదు. డిస్కును పాత డబ్బాలోనే బిగించేసి, తెచ్చుకున్న ఫొటోలు నా పెన్ డ్రైవ్‌లో వేసుకుని, అక్కడి నుంచి తుడిచేశాను. విలేకరిని కదా, ఆనవాళ్ళు ఎలా దొరుకుతాయో తెలుసు.

మర్నాడే గంగి వచ్చింది. చేతిలో కొత్తగా కొన్న చిన్న ఫోన్.

“నాన్న పాటకు వచ్చిన సారు. దీంట్ల జాగా ఉంచిన.”

“కంప్యూటర్ ఖరాబయింది గంగీ,” అన్నాను.

“ఏంది, ఎట్ల ఖరాబయింది?”

శ్రీను కౌంటర్ వెనక నుంచి తల ఎత్తాడు. తన కష్టం ఎవరికైనా చెప్పుకోవాలని ఉంది పాపం. “మొన్న పొద్దంతా నేనే కూసోని సాఫ్ చేసిన చెల్లె. అయినా లేస్తలేదు.”

“సాఫ్ చేసినవా?”

“మొత్తం సాఫ్. ఒక్క మూల ఇడవలే.”

ఇక్కడ సాఫ్ అంటే చీపురు పట్టడం, అంట్లు తోమడం, దుమ్ము దులపడం. కాని ఫోన్లో కార్డు నిండిందని బజారుకు తీసుకెళ్తే కుర్రాళ్ళు, పాత పాటలు తీసెయ్యనా అనరు. సాఫ్ చేసెయ్యనా అంటారు. గంగికి ఆ సాఫే తెలుసు.

“ఒక్క మాట అడగొద్దా సేటూ, సాఫ్ చేసేముందు?”

శ్రీను నవ్వాడు. హాస్యమాడుతోంది అనుకున్నాడు. “గీ పనికి గూడ నిన్ను అడగాల్నా?”

గంగి నా వైపు చూసింది. నేను ఆ రెండు సాఫ్‌ల మధ్య నిలబడి ఉన్నాను. ఇద్దరికీ ఏమర్థమైందో ఆ గదిలో తెలిసినవాణ్ని నేనొక్కణ్నే. ఎవరి నోట ఏ మాట ఏ అర్థంలో వచ్చిందో విడదీసి రాయడమే నా ఉద్యోగం. ఒక్క మాట చాలు: దుమ్ము, గంగీ, దుమ్ము సాఫ్ చేశాడు. ఆ మాట అంటే తర్వాతి ప్రశ్న వస్తుంది. మరి పాట ఎట్ల పోయింది?

నేను నేల వైపు చూశాను. ఆమె ఫోన్ కొంగులో ముడేసుకుని వెళ్ళిపోయింది.

ఆ తర్వాత ఆ వైపు ఊళ్ళవాళ్ళు శ్రీను దగ్గరికి ఫొటోలకు రావడం మానేశారు. సంతలో ఎవరో సాఫ్ సేటు అన్నారట. అతను నా దగ్గరికొచ్చాడు. “అన్నా, దుమ్ము దులిపితే పాట పోతదా? బ్రష్ ఏమన్న తగిలిందంటవా దానికి?” లేదని గట్టిగా చెప్పి ఉండొచ్చు. “ఏమో, పాతది కదా,” అన్నాను. ఆ ‘ఏమో’ అతనిలో దిగిపోయింది. తన చేతి తప్పేనని క్రమంగా నమ్మాడు. నా పాపాల్లో పెద్దది ఇదేనని ఇప్పుడు అనుకుంటున్నాను. పాటను డిస్కు మింగింది. శ్రీను నమ్మకాన్ని మాత్రం నేను నా నోటితో మింగాను.

వరద ఫొటోలు జగదల్‌పూర్‌లో బాగా నచ్చాయి. ఒకటి మా ఇంటి గోడ మీద ఉంది. వచ్చినవాళ్ళు మెచ్చుకుంటారు. అది మంచి ఫొటోనే. ఆ మాట కూడా దాచను.

ఒక ఏడాది పండుగకు వెళ్ళాను. ఎందుకు వెళ్ళానో? ఏం పోయిందో కళ్ళారా చూడాలనుకున్నాను కాబోలు. జోగయ్య తమ్ముడు మొదటి గుట్ట, మొదటి వాగు, ఆ తర్వాతి వాగు పాడి ఆగాడు. డోలు ఒక్కటే మోగింది. చాలాసేపు మోగింది. తర్వాత ఆయన చివరి గుట్ట పేరు అందుకున్నాడు. మధ్యలో పేర్లు కల్పించి నింపలేదు. ఆ ఖాళీని వాళ్ళు ఖాళీగానే ఉంచుకున్నారు. గంగి నాకు ఇప్పపూల లడ్డు పెట్టింది. తిన్నాను.

శ్రీను స్టూడియో మూసి ఇప్పుడు మొబైల్ దుకాణం నడుపుతున్నాడు. ఫోన్ అద్దాలు తుడిచి ఇస్తాడు, ఛార్జింగ్ పిన్నులో దుమ్ము తీస్తాడు. సాఫ్ చేశానని మాత్రం అనడు. తుడిచిన, దులిపిన అంటాడు. బస్తర్‌లో దుకాణం నడుపుతూ ఆ మాట లేకుండా బతకడం ఎంత కష్టమో ఇక్కడివాళ్ళకే తెలుస్తుంది. పాత డబ్బాను తూకానికి వేసినప్పుడు, గుర్తుగా ఉంటుందని చెప్పి డిస్కు నేను అడిగి తీసుకున్నాను. హైదరాబాదులో చచ్చిన డిస్కుల్ని విప్పి లోపలున్నది బయటికి తీసేవాళ్ళు ఉన్నారని అప్పటికే తెలుసు. పంపలేదు. పాట దొరికితే, అది ఇన్నాళ్ళు ఎక్కడుందో చెప్పాలి. దొరక్కపోయినా చెప్పాలి. అందుకని పంపలేదు. ఈ నెలలో పంపాను. జవాబు రాలేదు.

క్షమించమని అడగడానికి ఇది రాయలేదు. అడిగే హక్కు ఎక్కడ మొదలవుతుందో నాకు తెలియదు. కాని రాసేశాక చెయ్యి తేలికైంది. ఇది నిజం కనుక రాస్తున్నాను. శ్రీను తెలుగు చదువుతాడు, అచ్చయిన కాగితం అతని చేతిలో నేనే పెడతాను.

గంగి చదివింది హిందీ బడిలో. తెలుగు మాట్లాడుతుంది, చదవడం రాదు. ఆమెకు నోటితోనే చెప్పాలి. ఇంకా చెప్పలేదు.